సెలూన్ మేనేజరమ్మ

ఆ వీధిలో ఎవరు జుట్టు కత్తిరించుకోవాలన్నా ముందు బుజ్జి కంట పడాల్సిందే. సెలూన్ యజమాని ఆమె అన్న. కత్తెర, దువ్వెన, రేజరు అన్నీ అన్నవే. కానీ తలుపు తోసుకుని వచ్చినవాడు ఎక్కడ కూర్చోవాలో, ఎవరి తరువాత లేవాలో చెప్పేది మాత్రం బుజ్జి. గోడ వెంట పొడవాటి చెక్క బల్ల ఉండేది. దాని చివర ఆమె స్టూలు. ఒడినిండా ఉతికిన టవళ్లు. ఒక్కోదాన్ని సగానికి, మళ్లీ సగానికి మడిచి, అరచేత్తో తట్టి పక్కన పెట్టేది. పెడుతూనే, తల ఎత్తకుండా, "ఆగు. ముందు తాతయ్య ఉన్నాడు" అనేది.

నాలుక కొంచెం మందం. కొత్తవాళ్లకు మాట వెంటనే అందేది కాదు. అలవాటైతే ప్రతి మాటా అర్థమయ్యేది. అంకెలు రావు, అక్షరాలు రావు. అయినా బల్ల నిండా మనుషులున్నా, మధ్యలో ఒకడు లేచి టీ తాగి వచ్చినా, ఎవరి వెనక ఎవరన్నది ఆమె మనసులో చెక్కుచెదిరేది కాదు. ఒకసారి పోలీసు అధికారి ఒకాయన బూట్లు టకటకలాడిస్తూ వచ్చి నేరుగా కుర్చీలో కూర్చోబోయాడు. బుజ్జి స్టూలు దిగి, ఆయన మోచెయ్యి పట్టుకుని బల్ల దాకా నడిపించుకొచ్చింది.

"కూర్చో. నీ ముందు వీళ్లున్నారు."

అన్న చేతిలో కత్తెర గాల్లోనే నిలిచిపోయింది. ఆ అధికారి ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసి, టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. ఆ రోజు నుంచి బుజ్జి మేనేజరమ్మ అయింది. బట్టతల పోస్ట్‌మ్యాన్ ఒకాయన వచ్చేవాడు. ఆయన్ను చూడగానే, "నీకేం పని ఇక్కడ? టీ తాగి వెళ్లు" అనేది. ఆ మాట అనిపించుకోవడానికే వచ్చినట్టు ఆయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

బుజ్జి పుట్టినప్పుడు అన్న బడికి వెళ్లే పిల్లవాడు. పసిదాని ఒళ్లంతా వడిలిన తీగలా మెత్తగా ఉండేది. కళ్ల చివర్లు పైకి తిరిగి, ముక్కు చప్పిడిగా, నాలుక కొంచెం బయటికి ఉండేది. డాక్టరు "డౌన్ సిండ్రోమ్" అని ఒక ముక్క చెప్పి, "పదేళ్లు బతికితే గొప్పే" అని ఇంకో ముక్క కలిపాడు. తల్లి ఆ రెండు ముక్కలూ కడుపులో దాచుకుని ఇంటికొచ్చింది. బుజ్జిని ఏ బడిలోనూ చేర్చుకోలేదు. తల్లే బడి పెట్టింది. చొక్కా గుండీ పెట్టుకోవడం నేర్పడానికి ఏడాది పైనే పట్టింది. "ఇంత కష్టపడి నేర్పితే రేపు ఏం ఉద్ధరిస్తుందమ్మా?" అని చుట్టాలు మూతి విరిచేవారు.

"తన గుండీ తను పెట్టుకుంటుంది. ఇంకేం కావాలి?" అనేది తల్లి.

గుండీ తరువాత చెప్పులు, చెప్పుల తరువాత జడ, జడ తరువాత బట్టలు మడవడం. తల్లి పోయేనాటికి బుజ్జికి ముప్పై దాటాయి. అన్నకు పెళ్లయింది కానీ పిల్లలు లేరు. వదిన ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుంది. పొద్దస్తమానం అమ్మ కుర్చీ వంక చూస్తూ కూర్చున్న చెల్లెల్ని చూడలేక, అన్న ఒక ఉదయం చెయ్యి పట్టుకుని సెలూన్‌కు తీసుకెళ్లబోయాడు.

"వచ్చేవాళ్లు ఏమనుకుంటారో ఏమో అండీ" అని వదిన జంకింది.

"అనుకునేవాడు గడ్డం పెంచుకుంటాడు" అన్నాడు అన్న.

ఎవరూ గడ్డం పెంచుకోలేదు. చాలా ఏళ్లు అలా హాయిగానే గడిచాయి. మందుల దుకాణంలో పనిచేసే ఒక అమ్మాయి చంటివాణ్ణి ఎత్తుకుని సెలూన్‌కు వచ్చింది ఆ మంచి రోజుల్లోనే. గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. పిల్లవాడి ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. అన్న చూడగానే పోల్చుకున్నాడు. అవే కళ్లు, అదే మెత్తని మెడ.

"జుట్టు కత్తిరిస్తారా అన్నా? వేరే చోట... వీడు కదులుతాడని వద్దన్నారు."

అన్న ఏదో అనేలోపే బుజ్జి స్టూలు దిగి వచ్చి కొంగు తొలగించింది. పిల్లవాణ్ణి తేరిపార చూసింది. "నాలాగే ఉన్నాడు" అంది సంబరంగా. ఆ తరువాత బల్ల వైపు తిరిగి, "చిన్నబాబు ముందు. మీరంతా ఆగండి" అని హుకుం జారీ చేసింది. వరుస తప్పించడం ఆమె జన్మలో అదే మొదటిసారి. కత్తిరింపు అయ్యేదాకా ఆ అమ్మాయి పిల్లవాణ్ణి కాకుండా బుజ్జినే చూస్తూ ఉంది. టవళ్లు మడవడం, పోస్ట్‌మ్యాన్‌ను ఆటపట్టించడం, నేల ఊడ్చి వెంట్రుకలు చేటలోకి ఎత్తడం, అన్నీ చూసింది. వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి, "ఇంటికెళితే అందరూ నా వైపు జాలిగా చూస్తారన్నా. ఇక్కడికొచ్చాక మొదటిసారి భయం పోయింది" అంది. అన్న ఛాతీ ఉప్పొంగింది. ఆ తరువాత ఆ అమ్మాయి క్రమం తప్పకుండా వచ్చేది. జుట్టు పెరిగినా పెరగకపోయినా వచ్చేది.

నలభై నాలుగో ఏడు నడుస్తుండగా బుజ్జి టవళ్లు వంకరపోవడం మొదలైంది. సగానికి మడిచి, అక్కడే ఆగి, దాన్ని చేతుల్లో అటూ ఇటూ తిప్పి చూసేది. తన ముందుకు ఎవరో కొత్త వస్తువు పడేసినట్టు చూసేది. ఒకరోజు, ముందు వచ్చిన ముసలాయన్ను వదిలేసి తరువాత వచ్చినవాణ్ణి లేపింది. ముసలాయన నవ్వి ఊరుకున్నాడు. అన్న కూడా నవ్వాడు. ఆ నవ్వు ఆట్టే రోజులు సాగలేదు. ఉన్నట్టుండి కోపం వచ్చి అరిచేది. పోస్ట్‌మ్యాన్ వచ్చి ఎదురుగా నిలబడి ఆ మాట కోసం ఎదురుచూస్తే, ఆయన ముఖంలోకి చూసి ఊరుకునేది. ఆయన టీ తాగకుండానే వెళ్లిపోయేవాడు.

అదే సమయంలో అన్న సెలూన్ నేల బాగుచేయించాడు. సిమెంటు పెచ్చులూడిపోతోందని నల్లటి పలకలు వేయించాడు. అద్దంలా మెరిసేవి. ఎంతో ముచ్చటపడి బుజ్జికి చూపించబోతే ఆమె గుమ్మం దాటలేదు.

"గొయ్యి" అంది.

"గొయ్యేంటే పిచ్చిదానా? కొత్త నేల! రా!"

"గొయ్యి అన్నా. పడతా."

లోపల బల్ల మీద జనం కూర్చుని ఉన్నారు. అన్నకు తల కొట్టేసినట్టయింది. చెయ్యి పట్టి లాగాడు. బుజ్జి తలుపు చట్రాన్ని కావలించుకుని, ఒళ్లంతా వణికిపోతూ గావుకేక పెట్టింది. బట్టలు తడిసిపోయాయి. ఎవరో కుర్రాళ్లు కిసుక్కున నవ్వారు. అన్న ఆమెను ఇంటికి నడిపించుకెళ్లి వదినకు అప్పగించి, "నీ ఆడపడుచుకు రోజురోజుకూ మొండితనం ముదురుతోంది" అని విసురుగా వెనక్కి తిరిగాడు.

వీధి చివరి డాక్టరు దగ్గరికి తీసుకెళితే ఆయన బుజ్జి మీద చెయ్యి కూడా వేయలేదు. "ఇలాంటివాళ్లు ఇంతేనండీ. వయసొచ్చేకొద్దీ ఇలాగే చేస్తారు" అని ఏదో బలానికి టానిక్కు రాసిచ్చాడు. అన్న ఆ మాటతో సరిపెట్టుకున్నాడు. వదిన సరిపెట్టుకోలేదు. "ఇంతే అంటే ఎలాగండీ? ఇన్నాళ్లూ ఇంతేనా ఉంది? నిన్నమొన్నటిదాకా జడ వేసుకున్న మనిషి ఇవాళ దువ్వెన తిరగేసి పట్టుకుంటుంటే అది మొండితనం ఎలా అవుతుంది?" అని పోరు పెట్టి పెద్దాసుపత్రికి బయల్దేరదీసింది.

అక్కడి డాక్టరమ్మ నడివయసు మనిషి. అన్నావదినల్ని పక్కన పెట్టి మొదట బుజ్జితోనే మాట్లాడింది.

"ఏమ్మా, ఏం పని చేస్తావు నువ్వు?"

బుజ్జి చాలాసేపు ఆలోచించింది. "మేనేజర్ని" అంది చివరికి.

"అబ్బో, నాకంటే పెద్ద ఉద్యోగమే" అంటూ డాక్టరమ్మ ఆమె చెవులు, కళ్లు, గొంతు చూసింది, రక్తం తీయించింది. చెవుల్లో గులిమి గట్టిపడింది. ఒక కంటికి శుక్లం పట్టింది. థైరాయిడ్ బాగా తగ్గిపోయింది. "డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు ఇవి తరచుగా వస్తాయి. ఏటేటా చూపిస్తూ ఉండాలి. ఎవరూ చెప్పలేదా?" అని అడిగింది. ఎవరూ చెప్పలేదు. ముందు ఇవన్నీ సరిచేద్దామని, ఆ తరువాత మళ్లీ చూద్దామని అంది.

చెవులు శుభ్రమయ్యాయి, కంటికి ఆపరేషను అయింది, థైరాయిడ్ మాత్ర మొదలైంది. ఒకటి రెండు నెలలు నిజంగానే బుజ్జి తెప్పరిల్లింది. ఒక ఉదయం పోస్ట్‌మ్యాన్‌ను చూసి, "నీకేం పని?" అనేసరికి ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అన్న ఆ సాయంత్రం పాట పాడుకుంటూ ఇంటికొచ్చాడు. గట్టెక్కామనే అనుకున్నాడు.

ఆ తరువాత బుజ్జి మళ్లీ జారడం మొదలుపెట్టింది. ఈసారి జారడం ఆగలేదు.

డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. "మనకు ప్రతి కణంలో క్రోమోజోములు జతలు జతలుగా ఉంటాయి. ఈమెకు ఇరవై ఒకటో జత దగ్గర ఒకటి అదనం. పుట్టుకతోనే అంతే, ఎవరి తప్పూ కాదు. మెదడులో ఒకరకం మడ్డి పేరుకుని మతిమరుపు జబ్బు వస్తుంది కదా, ఆ మడ్డికి మూలమైన జన్యువు సరిగ్గా ఆ ఇరవై ఒకటో దాని మీదే ఉంది. అందుకని మిగతావాళ్లకు ముసలితనంలో వచ్చే ఆ జబ్బు వీళ్లలో చాలామందికి నలభైల్లో, యాభైల్లోనే వస్తుంది."

"మందు?" అన్నాడు అన్న.

"వెనక్కి తిప్పే మందు లేదు."

"మరి ఆ నేల... గొయ్యి అంటోంది?"

"ఆమెకు నిజంగానే గొయ్యిలా కనిపిస్తుంది. ఈ జబ్బులో నల్లటి చోట్లు లోతుగా అనిపిస్తాయి. ఆమె మొండికేయలేదండీ, ప్రాణం కాపాడుకుంది."

అన్న తల దించుకున్నాడు. ఆసుపత్రి నుంచి తిన్నగా సెలూన్‌కు వెళ్లి, కొత్త నల్ల పలకల మీద పాత బూడిదరంగు ప్లాస్టిక్ పట్టా పరిచి, అంచులు టేపుతో అంటించాడు. మర్నాడు బుజ్జి దాని మీద నుంచి మామూలుగా నడిచి వెళ్లి స్టూలు మీద కూర్చుంది.

తప్పు దిద్దొద్దని, కంగారు పెట్టొద్దని, రోజూ ఒకేలా గడిచేట్టు చూడమని డాక్టరమ్మ చెప్పింది. అన్న ఆ మాటలు సెలూన్‌లో అందరికీ చెప్పాడు. బల్ల మీది పాతకాపులు తమలో తామే ఒక ఒప్పందానికొచ్చారు. బుజ్జి ఎవరి వైపు వేలు చూపిస్తే వాళ్లే లేవాలి. పోస్ట్‌మ్యాన్ వైపు రోజుకు ఎన్నిసార్లు చూపించినా ఆయన లేచి కుర్చీలో కూర్చునేవాడు. అన్న ఆ నున్నటి తలను తడిగుడ్డతో తుడిచి, దువ్వెన పెట్టి దువ్వినట్టు నటించి పంపేవాడు. కానీ కొత్తగా వచ్చేవాళ్లకు ఆ ఓపిక లేకపోయింది. "ఇదేం సెలూనయ్యా?" అని విసుక్కుని పక్కవీధికి పోయేవారు. కొన్నాళ్లకు పాతకాపులు కూడా పలచబడ్డారు. ఆమె అరుపులు వింటుంటే గుండె తరుక్కుపోతోందని ఒకాయన అన్నకు చెప్పి మరీ మానేశాడు. ఆ మాట అబద్ధం కాదు. అందుకే అన్నకు కోపం కూడా రాలేదు.

సాయంత్రమైతే బుజ్జి అమ్మ కోసం వెతికేది. "అమ్మ ఏది?" అనేది.

"అమ్మ పోయింది కదే" అని మొదట్లో అన్న నిజమే చెప్పేవాడు. అప్పుడే కబురు విన్నట్టు ఆమె గుండెలు బాదుకునేది. మర్నాడు మళ్లీ అడిగేది, మళ్లీ అదే ఏడుపు. ఒక మనిషికి తల్లి ఎన్నిసార్లు చస్తుంది? వదినే ఒకరోజు అడ్డుపడి, "అమ్మ గురించి నాకు చెప్పవూ? జడ ఎలా వేసేది?" అని ఆమె జుట్టు చేతిలోకి తీసుకుంది. బుజ్జి ఏమీ చెప్పలేకపోయింది కానీ ఏడుపు ఆపింది. అప్పటినుంచి అన్న కూడా నిజం చెప్పడం మానేశాడు.

ఇక మందుల దుకాణం అమ్మాయి సంగతి. బుజ్జి బాగా ఉన్నప్పుడు బుజ్జినే చూసి ధైర్యం తెచ్చుకున్న మనిషి ఆమె. పిల్లవాడు ఇప్పుడు పరిగెడుతున్నాడు, రంగులు గుర్తుపడుతున్నాడు, మామూలు బడిలోనే చేరాడు. ఆ అమ్మాయి వీధి మలుపులో కనిపిస్తే చాలు, అన్న బుజ్జిని వెనకగదిలోకి తీసుకెళ్లి తలుపు వేసేవాడు. "ఒంట్లో నలతగా ఉంటే పడుకుంది. బాగానే ఉందమ్మా" అని అబద్ధమాడేవాడు. ఆ దుకాణం పక్కనే ఉన్నా, మందులు మాత్రం రెండు వీధులు దాటి ఎక్కడినుంచో తెచ్చేవాడు.

కానీ ఒక మధ్యాహ్నం బుజ్జి స్టూలు మీద నుంచి కిందపడి, కాళ్లూ చేతులూ కొట్టుకుంది. నోటి వెంట నురగ వచ్చింది. జబ్బు ముదిరితే ఇలా ఫిట్స్ రావచ్చని డాక్టరమ్మ ముందే చెప్పి ఉంది. ఆమె రాసిన కొత్త మందు కోసం అన్న ఊరంతా తిరిగాడు. ఎక్కడా లేదు. చివరికి ఆ అమ్మాయి దుకాణం ముందే నిలబడాల్సి వచ్చింది.

ఆమె చీటీ చదివింది. చదివి, అన్న ముఖం చూసింది. "ఇది ఎవరికన్నా?"

అన్న జేబులోంచి డబ్బులు తీసి లెక్కపెట్టసాగాడు.

"బుజ్జక్కకేనా? ఎన్నాళ్లనుంచి?"

ఇంక దాచలేక అక్కడే, గల్లా బల్ల ముందే, అంతా చెప్పేశాడు. ఆమె మందు పొట్లం కట్టడం మరిచిపోయి వింది.

"మా వాడికీ ఇంతేనా?" అంది.

"అందరికీ రాదంటమ్మా. వచ్చినా ఎప్పుడొస్తుందో చెప్పలేరంట. ఈలోపు మంచి మందు రావచ్చు" అన్నాడు అన్న. తన మాట తనకే నమ్మబుద్ధి కాలేదు. "ఏటా థైరాయిడ్ చూపించు. చెవులు, కళ్లు, గుండె చూపించు. ఏ చిన్న తేడా వచ్చినా, వీళ్లింతే అని ఎవడైనా అంటే మాత్రం ఊరుకోకు. నేను ఊరుకున్నాను."

"చాలామందికి వస్తుందా, కొందరికేనా?"

"చాలామందికే."

ఆమె పొట్లం చేతిలో పెట్టింది. ఆ తరువాత తన కొడుకును ఆ సెలూన్‌కు తీసుకురాలేదు. దారిలో ఎదురైతే తల వంచుకుని వెళ్లిపోయేది. అన్న ఆమెను తప్పుపట్టలేదు.

ఆపైన బుజ్జి సెలూన్‌కు రాలేదు. ముందు నడక పోయింది, తరువాత మాట, ఆ తరువాత మింగడం. వదిన కుట్టుమిషను కిటికీ దగ్గరినుంచి మంచం పక్కకు జరిపి, ఒక చేత్తో బట్ట తిప్పుతూ ఒక కంట ఆమెను కనిపెట్టుకుని ఉండేది. మెత్తగా చేసిన తిండిని చెంచాతో పెట్టి, గొంతు కదిలేదాకా ఆగి, మళ్లీ పెట్టేది. ఒక్క పూటకు గంట పట్టేది. ముక్కులోంచి గొట్టం వేస్తే ఎలా ఉంటుందని అన్న డాక్టరమ్మను అడిగాడు. గొట్టంతో ఆయుష్షు పెరుగుతుందన్న నమ్మకం లేదని, ఆమె దాన్ని పీకేసుకోవచ్చని, చేతులు కట్టేయాల్సి రావచ్చని చెప్పిందామె. అన్న వద్దన్నాడు. ఆ వద్దన్న మాట సరైనదో కాదో తేలక రోజుల తరబడి మథనపడ్డాడు. ఆదివారాలు మంచం మీదే ఆమె జుట్టు కత్తిరించేవాడు. బుజ్జి కళ్లు అతని మీదుగా గోడ వైపు ఉండేవి. "నేనే బుజ్జీ, అన్నని" అంటే ఆ కళ్లు తిరిగేవి కావు.

ఒక పగటిపూట అన్న ఒకాయనకు గడ్డం గీస్తున్నాడు. ఒక చెంప అయింది, రెండో చెంపకు నురగ పట్టించాడు. వదిన గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చెప్పులు లేవు, మెడలో కొలత టేపు వేలాడుతోంది. అన్నకు అర్థమైంది. రెండో చెంప కూడా గీసి, ముఖం తుడిచి, టవలు దులిపాడు. "సగం గడ్డంతో మనిషిని ఎలా పంపను?" అన్నాడు తరువాత, ఎవరో అడిగితే. కుర్చీలో ఉన్నాయనకు లేచాకే సంగతి తెలిసింది. పాపం, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు.

పలకరించడానికి వచ్చినవాళ్లంతా ఇంచుమించు ఒకటే అన్నారు. "పోనీలే, ఆ పిల్ల కష్టం తీరింది. మీకూ విడుదల." పోస్ట్‌మ్యాన్ మాత్రం అరుగు మీద కూర్చుని టీ తాగి వెళ్లాడు. అందరూ వెళ్లాక అన్న వదినతో, "విడుదలంట. ఎక్కడికి వెళ్లాలో కూడా వాళ్లే చెబితే బాగుండు" అన్నాడు.

వదిన చెంచా కడుగుతోంది. ఆ చెంచా ఇక ఎవరికీ అక్కర్లేదని తెలిసినా కడుగుతోంది. "ఆమె పోయి చాలా రోజులైందండీ" అంది. "మనం ఇవాళ ఏడుస్తున్నాం, అంతే."

కానీ ఇద్దరిలో ఎవరికీ ఏడుపు రాలేదు. అలవాటుకొద్దీ వదిన మంచం వైపు ఒక కన్ను వేసి ఉంచింది. అన్న లేచి, సెలూన్ తలుపు వేశానో లేదోనని, వేసినట్టు గుర్తున్నా, మళ్లీ చూసి రావడానికి వెళ్లాడు.